పిల్లలకు రత్నాలు చూపించడం ఎలా: ఆర్కే బీచ్ నుంచి సాలార్‌జంగ్ దాకా

"అంత దూరం మ్యూజియంకి తీసుకెళ్లాం. రాళ్ల గదిలో పది నిమిషాలు కూడా నిలబడలేదండీ. ఎలా చూపించాలో చెప్పండి." సెలవులు దగ్గరపడితే చాలు, ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నన్ను వెతుక్కుంటూ వస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో అడిగారు, పిల్లల స్కూల్ దగ్గర అడిగారు, పెళ్లిళ్లలో కూడా అడిగారు. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది.

నాకు తెలిసిన కారణం ఒకటే. పిల్లలు చేత్తో పట్టుకోని వస్తువుని అద్దం వెనక పెట్టి చూపిస్తే వాళ్లకి అది టీవీలో బొమ్మతో సమానం. అందుకే ప్రయాణం మ్యూజియం గేటు దగ్గర మొదలవ్వకూడదు. దానికి రెండు వారాల ముందు మన వంటింట్లో, మన బీచ్‌లో మొదలవ్వాలి. ఈ విషయంలో వైజాగ్ వాళ్లం అదృష్టవంతులం. నవరత్నాల్లో గోమేధికం ఉంది కదా, దాని కుటుంబానికి చెందిన గార్నెట్ అనే ఎర్రరాయి గింజలు ఆర్కే బీచ్ ఇసుకలో మన కాళ్ల కిందే ఉన్నాయి.

కావాల్సినవి

- పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం. నగల షాపుల వాళ్లు కంటికి ఆనించుకునేది. స్టేషనరీ షాపులో దొరికే పెద్ద భూతద్దమైనా పనికొస్తుంది, కాకపోతే గింజలు అంత వివరంగా కనిపించవు.
- ఒక అయస్కాంతం, ఒక పల్చటి పాలిథీన్ కవరు.
- తెల్లటి స్టీలు లేదా పింగాణీ పళ్లెం.
- కళ్లుప్పు, పటికబెల్లం, పటిక. మూడూ కిరాణా కొట్లో దొరుకుతాయి.
- గీతల్లేని నోట్‌బుక్, పెన్సిల్, రంగు పెన్సిళ్లు.
- ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర రాయి పొదిగిన ఉంగరమో, ముక్కుపుడకో, పగడాల దండో ఉంటే అది.

జాగ్రత్త: ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే చిన్న చిన్న బలమైన అయస్కాంతాలు ఇంట్లో పసిపిల్లలుంటే అసలు వద్దు. రెండు మింగితే కడుపులో ఒకదానికొకటి అతుక్కుని పేగులకు ప్రమాదం. అరచేతిలో పట్టేంత పెద్దది ఒక్కటి తీసుకోండి.

1. వంటింట్లో మొదలుపెట్టండి

పళ్లెంలో పది కళ్లుప్పు పలుకులు, రెండు పటికబెల్లం ముక్కలు వేయండి. భూతద్దాన్ని కంటికి దాదాపు ఆనించి పట్టుకోవాలి. తర్వాత వస్తువుని కంటి దగ్గరికి తేవాలి. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. భూతద్దాన్ని చాచిన చేతిలో పట్టుకుని, వస్తువు మీదికి వంగి, "ఏమీ కనిపించట్లేదు" అంటారు. పది రెట్ల భూతద్దానికి వస్తువు సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. పిల్లలకు ఇది చేతికి వచ్చేదాకా ఒక సాయంత్రం పట్టినా ఫర్వాలేదు.

ఉప్పులో ఏం కనిపించాలి? మూలలు అరిగిపోయినా సరే, చతురస్రాకారపు ముఖాలు, లంబకోణాలు. పెద్ద పలుకు మీద మెట్లు మెట్లుగా చిన్న పెట్టెలు పేర్చినట్టు ఉంటుంది. దాన్ని ఎవరూ చెక్కలేదు, ఉప్పునీరు ఆరుతున్నప్పుడు అదే అలా పేరుకుంది. పటికబెల్లం ముఖాలు వేరే కోణాల్లో ఏటవాలుగా ఉంటాయి. "ఉప్పు ఎప్పుడూ పెట్టెలాగే ఎందుకుంది? బెల్లం ఎందుకలా లేదు?" అని అడిగి వదిలేయండి. జవాబు మీరు చెప్పాల్సిన పనిలేదు. ఈ దశలో పిల్లలకు కావాల్సింది ఒకటే: ప్రకృతిలో తనంతట తాను చదునైన ముఖాలు కట్టుకునే పదార్థం ఉంటుందని కళ్లారా చూడటం. దాన్నే స్ఫటికం అంటారు.

2. పటికతో ఒక స్ఫటికాన్ని పెంచండి

దీనికి ఓపిక కావాలి, అందుకే రెండు వారాల ముందే మొదలుపెట్టమంటున్నాను.

ఒక గ్లాసు నీళ్లు వేడి చేసి, దంచిన పటిక కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. ఇక కరగదు అన్నప్పుడు ఆపి, పల్చటి గుడ్డలో వడకట్టి, మూత పెట్టకుండా పైన కాగితం కప్పి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నకి అడుగున చిన్న చిన్న పలుకులు కడతాయి. వాటిలో బాగా తేటగా ఉన్నదాన్ని ఏరి, సన్నటి దారంతో కట్టండి. మిగతా పలుకులన్నీ కరిగేలా నీళ్లని మళ్లీ వేడి చేసి, పూర్తిగా చల్లారాక ఈ పలుకుని అందులో వేలాడదీయండి. గ్లాసు అడుగుకి, గోడలకి తగలకూడదు. వారం రోజులు కదపొద్దు.

ఎక్కడ తేడా వస్తుందంటే:

వేలాడదీసిన పలుకు మాయమైపోతే నీళ్లు ఇంకా వేడిగా ఉన్నట్టు, లేదా పటిక చాలనట్టు. ఇంకొంచెం కరిగించి మళ్లీ మొదలుపెట్టండి. అడుగంతా చిన్న గింజలతో నిండిపోయి దారం మీదది పెరగకపోతే నీళ్లు మరీ త్వరగా చల్లారాయి. గ్లాసుని ఏసీ గదిలో పెట్టకండి, ఫ్యాన్ కింద కూడా వద్దు. పెరిగింది గానీ తెల్లగా మసకగా ఉంటే అది తొందరగా పెరిగినట్టు. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నీరు నెమ్మదిగా ఆరుతుంది, నిజానికి అది మంచిదే. వేసవిలో వారం సరిపోతే, వానాకాలంలో పది పన్నెండు రోజులు పట్టొచ్చు.

సరిగ్గా వచ్చిందా లేదా చూసుకోవడం సులువు. రెండు పిరమిడ్లను అడుగుకి అడుగు అతికించినట్టు, ఎనిమిది త్రికోణాల ఆకారం రావాలి. కొన్నిసార్లు మూలలు కోసేసినట్టుంటాయి, అదీ సరైనదే. ఇప్పుడు మీ అమ్మాయికో అబ్బాయికో ఒక మాట చెప్పండి: గనిలో దొరికే పచ్చి వజ్రం చాలాసార్లు ఇదే ఆకారంలో ఉంటుంది. మా చిన్నాడు ఈ మాట విన్నాక ఆ గ్లాసు దగ్గరికి మా అత్తగారిని కూడా రానివ్వలేదు.

హెచ్చరిక: పటికబెల్లం తినేది, పటిక తినేది కాదు. పేర్లు దగ్గరగా ఉన్నాయి కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో గ్లాసు మీద కాగితం అంటించి రాయండి. వేడి నీళ్ల పని పెద్దవాళ్లదే.

3. బీచ్‌లో గార్నెట్ వెతకండి

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు. పొద్దున్న ఆరున్నర ఏడు మధ్య, ఆ వేళకి ఆటు (సముద్రం వెనక్కి తగ్గడం) ఉన్న రోజు చూసుకుని వెళ్లండి. అల వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద నల్లటి చారలు, వాటి అంచున ఎర్రటి, వంగపండు రంగు చారలు కనిపిస్తాయి. చాలామంది వాటిని మురికి అనుకుని దాటి నడిచేస్తారు. కొన్ని రోజులు చారలు బాగా కనిపిస్తాయి, కొన్ని రోజులు దాదాపు ఉండవు. సముద్రం ఇసుకని ఎలా సర్దిందో దాన్ని బట్టి ఉంటుంది. మొదటిరోజు కనిపించకపోతే భీమిలి రోడ్డులో ముందుకెళ్లి ఇంకోచోట చూడండి, లేదా మర్నాడు రండి.

ఎర్రచార మీద నుంచి ఒక చిటికెడు ఇసుక పళ్లెంలోకి తీసుకుని, మంచినీళ్లతో ఒకసారి కడిగి ఆరనివ్వండి. అయస్కాంతాన్ని పాలిథీన్ కవరులో చుట్టి పళ్లెం మీద తిప్పండి. నల్ల గింజలు కొన్ని ఎగిరి అంటుకుంటాయి. కవరు ఎందుకంటే, అది లేకపోతే అయస్కాంతానికి అంటుకున్న ఇసుకని వదిలించడానికి అరగంట పడుతుంది. కవరుని విప్పితే గింజలన్నీ ఒక్కసారిగా రాలిపోతాయి.

నల్లవాటిలో ఎక్కువ భాగం ఇల్మనైట్. టైటానియం ఇచ్చే ఖనిజం. మామూలు అయస్కాంతానికి అది సరిగ్గా అంటుకోదు, బలమైనదానికి అంటుకుంటుంది. గార్నెట్‌లో ఇనుము ఉంటుంది కాబట్టి బలమైన అయస్కాంతానికి అదీ మెల్లగా జరుగుతుంది. కాబట్టి "ఎర్రది అంటుకుంది, నేను తప్పు చేశానేమో" అని టెన్షన్ పడకండి.

ఇప్పుడు భూతద్దం. మిగిలిన గింజల్లో తెల్లగా, గాజుముక్కల్లా ఉన్నవి క్వార్ట్జ్. లేత గులాబీ నుంచి దానిమ్మ గింజ రంగు దాకా, వెలుతురుకి ఎదురుగా పెడితే లోపలినుంచి ఎర్రగా వెలిగేవి గార్నెట్‌లు. మేం చూసిన రోజున మా అమ్మాయి ఒకే ఒక్క గింజని పెన్సిల్ మొనతో పక్కకి నెట్టి చాలాసేపు చూసింది. ఆవగింజలో పదో వంతు లేదు. అంచులు అలలకి అరిగి గుండ్రంగా ఉన్నాయి, ఒకవైపు మాత్రం చిన్న చదును ముఖం మిగిలి ఉంది. పొద్దుటి ఎండ ఆ ముఖం మీద పడ్డప్పుడల్లా మెరిసింది. తర్వాత మ్యూజియంలో తనకి ఎవరూ ఏమీ వివరించాల్సి రాలేదు.

ఈ గింజలు ఎక్కడివి? మన తూర్పు కనుమల రాయి ఖొండలైట్ నుంచి. కొండల్లో ఉండే కోదుల (ఖోండ్ గిరిజనుల) పేరు మీదే ఈ రాయికి ఆ పేరు వచ్చింది. కైలాసగిరి, సింహాచలం వైపు కొండ కోసిన చోట్ల ఎర్రమట్టి రంగులో కనిపించేది ఇదే. దగ్గరగా చూస్తే అందులో ముదురు ఎరుపు చుక్కలుంటాయి, అవి గార్నెట్‌లు. కొండ అరిగి, వానకి కొట్టుకొచ్చి, ఏళ్ల తరబడి అలలు జల్లెడ పట్టి తీరాన బరువైన గింజల్ని ఒకచోట చేర్చాయి. గుడి రాళ్ల మీద ఈ చుక్కలు కనిపిస్తే చూసి ఆనందించండి, గోకి చూడకండి.

బీచ్‌లో మూడు జాగ్రత్తలు. పిల్లలు నీళ్లలోకి దిగకూడదు. మన తీరంలో అల లాగేసే బలం ఎక్కువ, మోకాలి లోతులో కూడా ప్రమాదాలు జరిగాయి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో అసలు వెళ్లొద్దు. మూడోది, ఇసుకని సంచుల్లో నింపి ఇంటికి తేవొద్దు. తీరపు ఇసుక ఖనిజాల మీద ప్రభుత్వ నియంత్రణ ఉంది. పైగా అందులో థోరియం ఉండే మోనజైట్ గింజలు కూడా కొద్దిగా ఉంటాయి. చిటికెడు చూసి, అక్కడే వదిలేసి, చేతులు కడుక్కుని రండి.

4. పెద్దవాళ్లని కూర్చోబెట్టి నవరత్నాల పేర్లు చెప్పించండి

అమ్మమ్మలకి, మామ్మలకి ఈ పేర్లు నోటికి వస్తాయి. మాణిక్యం, ముత్యం, పగడం, మరకతం, పుష్యరాగం, వజ్రం, నీలం, గోమేధికం, వైడూర్యం. పిల్లలు వాళ్ల నోటినుంచే విని రాసుకోవాలి. రాశుల సంగతి, ఏ వేలికి ఏది పెట్టాలన్న సంగతి పెద్దవాళ్లు చెబితే చెప్పనివ్వండి, అడ్డుపడి వాదన పెట్టుకోకండి. ఈ మెట్టులో మనకి కావాల్సింది పేర్లు, రంగులు.

తర్వాత మీరు ఆ జాబితా పక్కన నాలుగు మాటలు చేర్చండి.

మాణిక్యం అంటే కెంపు. కెంపు, నీలం రెండూ ఒకే ఖనిజం, కురువిందం. క్రోమియం కాస్త కలిస్తే ఎరుపు, ఇనుమూ టైటానియమూ కలిస్తే నీలం. పిల్లలకి ఇది చెప్పగానే కళ్లు పెద్దవవుతాయి.

ముత్యం, పగడం రాళ్లు కావు. ముత్యం ఆల్చిప్ప లోపల, పగడం సముద్రజీవుల కాలనీలో తయారవుతాయి. అందుకే ఖనిజాల గ్యాలరీలో వాటికోసం వెతికి నిరాశపడకండి.

గోమేధికం గార్నెట్ జాతి. బీచ్‌లో చూసిన గింజకి తేనెరంగు బంధువు.

వైడూర్యం అంటే పిల్లికన్ను, క్రిసోబెరిల్ అనే ఖనిజం. మన ఉమ్మడి విశాఖ జిల్లాలో నర్సీపట్నం వైపు ఈ క్రిసోబెరిల్, దాని రంగు మారే రకం అలెగ్జాండ్రైట్ దొరికాయి. అలెగ్జాండ్రైట్ పగటి వెలుతురులో ఆకుపచ్చగా, పాతకాలపు ఫిలమెంటు బల్బు కింద ఎర్రగా కనిపిస్తుంది. దీన్ని విని అక్కడికి తవ్వడానికి బయల్దేరొద్దు. అనుమతి లేని తవ్వకం నేరం, ఆ గుంతలు కూలి మనుషులు పోతారు.

5. ఏ మ్యూజియం, ఏ రోజు

మన బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియం, కురుసుర జలాంతర్గామి చక్కగా చూడదగ్గవే, కానీ రత్నాల కోసం అక్కడికి వెళ్తే దొరకవు. రాళ్ల, ఖనిజాల నమూనాల కోసం ఊళ్లో అయితే ఏదైనా కాలేజీ జియాలజీ విభాగాన్ని అడగొచ్చు. అవి చదువుకునే పిల్లల కోసం పెట్టినవి కాబట్టి ముందుగా ఉత్తరం రాసి, అనుమతి వచ్చాకే, పనిదినాల్లో వెళ్లాలి. స్కూల్ టీచరు ద్వారా అడిగితే పని సులువవుతుంది.

ఊరు దాటితే మనకి మూడు దారులు. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్, చెన్నై ఎగ్మూరులో 1851లో మొదలైన ప్రభుత్వ మ్యూజియం, కోల్‌కతాలో 1814 నాటి ఇండియన్ మ్యూజియం. ఖనిజాలే ముఖ్యం అనుకుంటే కోల్‌కతా. కుటుంబమంతా, పెద్దవాళ్లతో సహా, భాష ఇబ్బంది లేకుండా వెళ్లాలంటే నా ఓటు సాలార్‌జంగ్‌కి. అక్కడ పచ్చి ఖనిజాలు కాదు, రాయిని మనిషి ఏం చేశాడో కనిపిస్తుంది.

సెలవు రోజు చూసుకోకుండా టికెట్లు బుక్ చేయకండి. సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు. చెన్నై మ్యూజియంకీ శుక్రవారమే. కోల్‌కతాలో సోమవారం. మనవాళ్లు చేసే పొరపాటు ఎప్పుడూ ఒకటే: గురువారం సాయంత్రం రైలెక్కుతారు, శుక్రవారం పొద్దున్న దిగుతారు, మూసిన గేటు చూస్తారు. శుక్రవారం రాత్రి బయల్దేరి శనివారం దిగండి. వేళలు, టికెట్ ధరలు, పండగ సెలవులు బయల్దేరే ముందు మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

రైలు దిగి నేరుగా మ్యూజియంకి వెళ్లడం ఇంకో పొరపాటు. రాత్రంతా సరిగ్గా నిద్రలేని పిల్లలకి కోహినూర్ చూపించినా కనిపించదు. స్నానం, టిఫిన్, ఒక గంట నడుం వాల్చడం. తర్వాతే మ్యూజియం.

6. ముందే ఒక అపోహ తీర్చేయండి

"సాలార్‌జంగ్‌లో నిజాం వజ్రాలు చూడొచ్చు" అని పిల్లలకి మాటిస్తారు. అక్కడ అవి ఉండవు. నిజాం నగలు 173 వస్తువుల్ని భారత ప్రభుత్వం 1995లో సుమారు 218 కోట్ల రూపాయలకి కొంది. అవి రిజర్వ్ బ్యాంకు ఖజానాలో ఉంటాయి. 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం కూడా వాటిలోదే. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ దాన్ని కాగితాల మీద బరువుగా వాడాడని చెప్పుకుంటారు. సాలార్‌జంగ్‌లో ఆ నగల్ని 2001లో, 2006లో ప్రదర్శించారు, అందుకే ఈ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. మాటిచ్చి అక్కడికెళ్లాక లేవంటే పిల్లల మనసు విరిగిపోతుంది, తర్వాత ఏదీ చూడరు.

దాని బదులు క్యారెట్ లెక్క చెప్పండి. 5 క్యారెట్లు 1 గ్రాము. జాకబ్ వజ్రం దాదాపు 37 గ్రాములు. కోహినూర్ 105.6 క్యారెట్లు, అంటే 21 గ్రాములు. వంటింటి తూకం మీద 21 గ్రాముల కళ్లుప్పు పోసి పిల్లల చేతిలో పెట్టండి. ఇంకో మాట, గోల్కొండ వజ్రాలు గోల్కొండలో తవ్వలేదు. గోల్కొండ వాటి సంత. గనులు కృష్ణ ఒడ్డున, కొల్లూరు లాంటి చోట్ల ఉండేవి. కోహినూర్ కొల్లూరుదే అంటారు. ఇప్పుడా కొల్లూరు పులిచింతల నీళ్ల కింద ఉంది.

7. మ్యూజియం లోపల: ఐదు వస్తువులు చాలు

ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు. డబ్బు పెట్టి టికెట్ కొన్నాం కదా అని ప్రతి గది, ప్రతి అద్దం, ప్రతి చీటీ చూడాలనుకుంటారు. మూడో గదికే కాళ్లు లాగుతాయి. లోపలికి వెళ్లగానే రాళ్లున్న గదులకే వెళ్లండి, మిగతావి తర్వాత. పిల్ల ఒక్కొక్కరు ఐదు వస్తువులు ఎంచుకోవాలి, ఒక్కోదాని దగ్గర ఐదు నిమిషాలు నిలబడాలి. అంతే.

సాలార్‌జంగ్ మధ్యహాల్లో గంటలు కొట్టే గడియారం దగ్గర ప్రతి గంటకీ జనం పోగవుతారు. పిల్లలు ఎలాగూ చూడాల్సిందే, ఒకసారి ముందు కూర్చుని చూపించేయండి. మరుసటి గంటకి జనమంతా అక్కడ చేరినప్పుడు మీరు జేడ్ అనే రాతితో చేసిన వస్తువుల గదిలో ఉండండి. అప్పుడు ఆ గది కాస్త ప్రశాంతంగా ఉంటుంది.

జేడ్ గదిలో నూర్జహాన్ పండ్ల కత్తి, జహంగీర్ బాకు దగ్గర ఎక్కువసేపు ఆగండి. చూడాల్సింది ఇదీ: జేడ్ మీద వెలుతురు మెరవదు, లోపలికి ఇంకినట్టుంటుంది. వెన్నముద్ద మీద దీపం వెలుగు పడినట్టు. దాని మీద పొదిగిన చిన్న రాళ్ల మీద మాత్రం వెలుతురు సూదిలా గుచ్చుతుంది. రెండూ ఒకే వస్తువు మీద పక్కపక్కన ఉండటం వల్ల తేడా చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. జేడ్‌ని మరకతం అనుకోవడం పెద్దవాళ్ల పొరపాటు, రెండూ పచ్చగా ఉండొచ్చు కాబట్టి. జేడ్ లోపల సన్నని పోగులు ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటాయి, అందుకే దాన్ని పగలగొట్టడం చాలా కష్టం. వజ్రం గీతపడదు గానీ, సరైన చోట దెబ్బ తగిలితే చీలుతుంది. గట్టిదనం వేరు, విరగకపోవడం వేరు. పిల్లలకి ఇది బాగా ఎక్కుతుంది.

ఏ మ్యూజియంలోనైనా పనికొచ్చే చిట్కాలు కొన్ని:

రాయి కదలదు కాబట్టి మీరు కదలాలి. ఒక అడుగు ఎడమకి, ఒక అడుగు కుడికి, మోకాళ్లు వంచి కిందికి. పిల్లికన్ను రాయి ఉంటే దాని మీది తెల్లగీత మీతోపాటు జరుగుతుంది. రాయి లోపల ఒకే వరసలో ఉన్న సన్నని సూదుల్లాంటి వాటి వల్ల ఆ గీత వస్తుంది. నిలబడినచోటే నిలబడితే అది మామూలు బొత్తాంలా కనిపిస్తుంది.

మీ భూతద్దం ఇక్కడ పనిచేయదు. అద్దానికి రాయికి మధ్య దూరం ఎక్కువ. బ్యాగులోనే ఉంచండి. ఫోన్ కెమెరాకి అనుమతి ఉంటే జూమ్ చేసి చూడొచ్చు, ఫ్లాష్ మాత్రం వద్దు. అద్దంలో ఫ్లాష్ తప్ప ఇంకేం రాదు, పైగా వస్తువులకి మంచిది కాదు.

పచ్చి రాయి, సానపెట్టిన రాయి పక్కపక్కన ఉంటే "ఏ ముఖం భూమి కట్టింది, ఏ ముఖం మనిషి కోశాడు?" అని అడగండి. ఉప్పునీ, పటికనీ చూసిన పిల్లలు దీనికి తడుముకోకుండా చెబుతారు.

చీటీ చదివి వస్తువు చూడొద్దు, వస్తువు చూసి చీటీ చదవండి. ముందు పిల్ల ఊహించాలి, తర్వాత చీటీ.

బొమ్మ గీయడం తప్పనిసరి. ఫోటో తీస్తే ఫోన్ గుర్తుపెట్టుకుంటుంది, గీస్తే పిల్ల గుర్తుపెట్టుకుంటుంది. ఒక రాయి, ఒక పేజీ, ఎన్ని ముఖాలు కనిపించాయో ఒక అంకె. బాగా రాకపోయినా ఏమీ అనకండి.

పెద్దవాళ్లతో వెళ్తే గంటకోసారి బెంచీ. అడిగితే చాలా మ్యూజియాల్లో వీల్‌చైర్ ఇస్తారు. అక్కడి సిబ్బందిని "ఇది ఎంత ఖరీదు", "మా ఉంగరం అసలుదేనా" అని అడగొద్దు, అది వాళ్ల పని కాదు.

8. ఇంట్లో రాళ్ల మీద ప్రయోగాలు వద్దు

మ్యూజియం నుంచి వచ్చాక ప్రతి ఇంట్లో జరిగేది ఇదే, ఉంగరాలన్నీ బల్లమీదికి వస్తాయి. భూతద్దంతో చూడండి, సంతోషమే. గుండ్రటి బుడగలు కనిపిస్తే గాజు అయ్యుండొచ్చని అనుమానించొచ్చు, అంతకుమించి తేల్చలేం. గాజుని గీసి చూడటం, నిప్పు దగ్గర పెట్టడం, ముత్యాల్ని నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో వేయడం చేయకండి. ముత్యం ఆ పులుపుకి కరుగుతుంది. మరకతాల్లో చాలావాటికి పగుళ్లు కనిపించకుండా నూనె పట్టిస్తారు, వేడినీళ్ల సబ్బుతో కడిగితే ఆ పగుళ్లు బయటపడతాయి. నిజంగా తెలుసుకోవాలంటే రత్న పరీక్ష చేసే ల్యాబ్‌కి పంపి సర్టిఫికెట్ తీసుకోవాలి. మన ఊరి నగల బజారు కురుపాం మార్కెట్‌లో మీకు నమ్మకమైన షాపు ఉంటే ఎక్కడికి పంపాలో వాళ్లే చెబుతారు.

9. ఫలించిందా లేదా ఎలా చూసుకోవాలి

పరీక్ష పెట్టకండి. తిరుగు రైల్లో, నోట్‌బుక్ మూసి ఉంచి, మూడు ప్రశ్నలు మాటల మధ్యలో అడగండి. ఏ రాయి దగ్గర మళ్లీ నిలబడాలనుంది? దాని మీద వెలుతురు ఎలా పడింది? మన పటికతో దేనికి పోలిక ఉంది? రెండింటికి జవాబు వచ్చినా చాలు. "అన్నీ బాగున్నాయి" అన్నారంటే ఎక్కువ చూపించేశారన్నమాట, వచ్చేసారి ఐదుని మూడుకి తగ్గించండి. పేర్లు మర్చిపోతే బెంగ వద్దు. కెంపుని గోమేధికం అన్నా ఫర్వాలేదు, రంగు గుర్తుంది కదా.

ఇంటికొచ్చిన తర్వాతి ఆదివారం మళ్లీ బీచ్‌కి వెళ్లండి. ఈసారి మీరేమీ చెప్పకండి, పళ్లెం కూడా తీయకండి. ఎర్రచార దగ్గర పిల్లలు తమంతట తాము వంగారా లేదా, అది చూడండి.